పదకొండు చుక్కలు

తెల్లరంగు డబ్బాలో పసుపు చుక్క ఒకటి పడుతుంది.

పడిన చోట కాసేపు అలాగే ఉంటుంది. గుండ్రంగా. చిన్న సొనలా.

కర్ర పెట్టి తిప్పితే దానికి తోక వస్తుంది. తోక సాగుతుంది, వంకర తిరుగుతుంది, దారంలా సన్నబడుతుంది… తర్వాత ఉండదు.

ఎక్కడికీ పోదు. అందులోనే ఉంటుంది. కనిపించదు, అంతే.

నాకు కనిపించేది.

ముప్ఫై రెండేళ్ళు రంగుల కొట్లో పనిచేశాను. రంగు కలపడం నా పని. ఇంటి గోడ పెచ్చు ఊడితే ఆ ముక్కని కాగితంలో చుట్టుకుని తెస్తారు మనుషులు. ఇదే రంగు కావాలంటారు. పదేళ్ళ ఎండ తిన్న రంగు. పిల్లలు చేతులు రుద్దిన రంగు. ఏ డబ్బా మీదా పేరు లేని రంగు. నేను కలుపుతాను. కలిపి, ఆ పెచ్చు మీదే వేలితో ఒక మచ్చ పెడతాను. ఆరనిస్తాను. తడి రంగు అబద్ధం చెబుతుంది. ఆరాక గుమ్మంలోకి, పగటి వెలుతురులోకి తీసుకెళ్ళి చూస్తాను.

మచ్చ కనిపిస్తే, ఇంకా కలవలేదు.

మచ్చ ఎక్కడ పెట్టానో నాకే తెలియకపోతే — కలిసింది.

అదీ నా పని. నేను పెట్టిన మచ్చ నాకే కనిపించకుండా చేయడం.

"ఏం పనండీ మీది!" అనేది మా ఆవిడ. "ఏమీ కనిపించకపోతే పని అయినట్టా?"

ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు కుట్టేది. కిటికీ పక్కన మిషను. మిషను పక్కన దారపు ఉండల డబ్బా. నేను కొట్టు నుంచి రాగానే గుడ్డ ఒక చేత్తో, రెండు ఉండలు ఇంకో చేత్తో పట్టుకుని ఎదురొచ్చేది. ఇదా, ఇదా? నేను బూట్లు విప్పకుండానే చెప్పేవాణ్ణి. ఎడమచేతిది.

"మీకు కళ్ళు నెత్తికెక్కాయి."

"ఎక్కితే ఎక్కాయిలే. అక్కణ్ణుంచి ఇంకా బాగా కనిపిస్తుంది."

ఆ గుడ్డకి ఏ దారం సరిపోతుందో ఆవిడకి తెలియదా? పాతికేళ్ళు కుట్టిన మనిషి. తెలిసే అడిగేదేమో… ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. చెప్పి మురిసిపోయేవాణ్ణి.

ఒక ఏడు ఆవిడ అలిసిపోవడం మొదలైంది.

మొదట మిషను తొక్కడం సగంలో ఆపేది. తర్వాత భోజనం సగంలో. తర్వాత మెట్లు సగంలో. సగంలో ఆగి, నేను చూస్తున్నానని గమనించి, నవ్వేది.

ఒకరోజు అంది — "పడకగదికి రంగు వెయ్యండి. ఊరందరి గోడలకీ కలుపుతారు. మన గోడ చూడండి, ఎవరో నూనె చేతులు తుడుచుకున్నట్టుంది."

"ఏ రంగు?"

"తెలుపు. ఆసుపత్రి తెలుపు కాదు. కాస్త వెచ్చగా ఉండాలి. కానీ తెలుపే."

వెచ్చని తెలుపు. డబ్బాకి రెండు చుక్కల పసుపు. కళ్ళు మూసుకుని కలపగలను.

కళ్ళు మూసుకుని కలిపినా బాగుండేది.

రెండు చుక్కలు వేశాను. తిప్పాను. చూశాను. ఏమీ రాలేదు. ఇంకొకటి వేశాను. రాలేదు. కొత్త సీసా, పలచగా వచ్చి ఉంటుందనుకున్నాను. తయారుచేసినవాళ్ళని తిట్టుకున్నాను. అయిదు. ఏడు. గుమ్మంలోకి తీసుకెళ్ళి చూశాను. తొమ్మిది.

పదకొండో చుక్కకి ఆ వెచ్చదనం కంటికి తగిలింది. సన్నగా. కావలసినంత.

మూత మీద రాశాను: తెలుపు, పసుపు 11.

అలవాటు. ఏం కలిపినా మూత మీద రాసిపెట్టడం నా అలవాటు.

రెండు రోజులు సెలవు పెట్టి నేనే వేశాను. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ మూల వదిలేశారు, అంది. స్విచ్చు మీద పడుతోంది, అంది. గడ్డానికి అంటింది, అంది. అంతా అయ్యాక లేచి, గోడ పట్టుకోబోయి, తడి అని గుర్తొచ్చి నా భుజం పట్టుకుంది.

చాలాసేపు గోడ చూసింది. నా ముఖం చూసింది. మళ్ళీ గోడ చూసింది.

"బాగుందండీ. గదిలో పొద్దెక్కినట్టుంది."

మెచ్చుకుందనుకున్నాను.

ఆ వారమే మరదలు వచ్చింది. ఆవిడ చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది. బడిలో చిన్న పిల్లలకి పాఠాలు చెబుతుంది. అందుకేనేమో ఏ మాటైనా ఆఖరి బెంచీ దాకా వినపడేలా చెబుతుంది.

గది గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటే అక్కా, గోడలకి ఇంత పసుపు కొట్టించారు?"

"పసుపేంటి? తెలుపది," అన్నాను.

"వేళాకోళమా బావా?"

"తెలుపే. కాస్త వెచ్చని తెలుపు."

"వెచ్చనా! కాలిపోతోంది."

మంచం మీద అక్క పక్కన కూర్చుంది. ముఖంలో ముఖం పెట్టి చూసింది. ఆ గొంతు తగ్గడం నేను ఎప్పుడూ వినలేదు. అప్పుడు తగ్గింది.

"అక్కా… నీ కళ్ళు కూడా పచ్చబడ్డాయే. డాక్టరుకి చూపించుకున్నావా?"

ఆ మాట నా చెవిన పడింది.

పడింది కానీ, నేనింకా గోడ దగ్గరే ఉన్నాను.

"గోడా పసుపే, కళ్ళూ పసుపేనా? నీకన్నీ పసుపేనమ్మా. ముందు నువ్వు చూపించుకో కళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా రంగులు కలుపుతున్నవాడికి తెలుపేదో నువ్వు చెబుతావా?"

మరదలు ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు నాకు బాగా కనిపించింది.

"ఊరుకోవే," అంది మా ఆవిడ, చెల్లెలి చెయ్యి పట్టుకుని. "ఆయన తెలుపంటే తెలుపే."

మరదలు చెయ్యి విడిపించుకుంది. చెప్పులు వేసుకుంది. ఇచ్చిన టీ అలాగే చల్లారిపోయింది. నెలన్నర మా గుమ్మం తొక్కలేదు.

మర్నాడు పొద్దున్న. కిటికీ దగ్గర. మిషను మీద మూత వేసి ఉంది.

"నా కళ్ళు చూసి చెప్పండి," అంది. "దాని మాట కాదు. మీ మాట."

గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను. గోడ పెచ్చుని తిప్పినట్టే. కింది రెప్ప వేలితో లాగాను. చూశాను. అటు కన్ను, ఇటు కన్ను. అశ్రద్ధగా చూడలేదు… నా వైపు నుంచి చెప్పుకోవడానికి ఆ ఒక్క మాటే ఉంది. అంత శ్రద్ధగా ఏ రంగునీ చూడలేదు నేను.

"తెల్లగా ఉన్నాయి. కాగితంలా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నా వేలు ఇంకా రెప్ప మీదే ఉంది. రెప్ప వెచ్చగా ఉంది.

"సరే అయితే," అంది.

ఆరు వారాల తర్వాత ఆసుపత్రికి వెళ్ళాం. అప్పటికి నీళ్ళు కూడా ఇమడడం లేదు. డాక్టరు దగ్గరికి కూడా రాలేదు. తలుపు తీస్తూనే, అంత దూరం నుంచే అడిగాడు — "ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నారు?"

"ఎలా?" అన్నాను.

అతను నా వైపు వింతగా చూశాడు.

లోపల గడ్డ. పైత్యరసం దిగే దారి మూసుకుపోయింది. "కాస్త ముందు వచ్చి ఉంటే…" అన్నాడు. మిగతా మాట మింగేశాడు. కుర్రవాడే. అయినా మింగడం తెలుసు. దానికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మరదలు కబురు అందగానే పరిగెత్తుకొచ్చింది. మంచం పక్కన పగలు తను, రాత్రి నేను. అక్కకి జడ వేసింది. పాలు చెంచాతో పట్టింది. ఏ మాటైనా ఆఖరి బెంచీ దాకా చెప్పే మనిషి. 'నేను చెప్పానా' అనలేదు.

ఒక్కసారి కూడా అనలేదు.

వానలు మొదలైన వారంలో మా ఆవిడ పోయింది.

తర్వాత రెండేళ్ళు. మిషను మీద మూత తీయలేదు. దారపు ఉండల డబ్బా కదపలేదు. కొట్టుకి వెళ్ళాను, వచ్చాను. మధ్యలో మనుషులు పెచ్చు ముక్కలు పట్టుకుని తిరిగి రావడం మొదలుపెట్టారు.

"మచ్చ కనిపిస్తోందండీ."

ఏదీ? నాకు కనిపించడం లేదే. మీ ఇంట్లో ట్యూబులైటు మార్చండి, అన్నాను. రెండో పూత వెయ్యండి, అన్నాను.

కొట్టు యజమాని నాకంటే చిన్నవాడు. నన్ను పనిలో పెట్టుకున్నది వాళ్ళ నాన్న. ఒకరోజు నా కాళ్ళ వైపు చూసి, ఎవరూ వినకుండా దగ్గరికి వచ్చాడు.

"ఒక కాలికి నల్ల మేజోడు, ఒక కాలికి నీలం వేసుకొచ్చారు."

చూసుకున్నాను. రెండూ నలుపే.

"కళ్ళు చూపించుకోండి ఒకసారి. కొట్టెక్కడికీ పోదు. మీ స్టూలూ ఎక్కడికీ పోదు," అన్నాడు. ఆ రోజంతా నా దగ్గరికి వచ్చిన డబ్బాలని తనే పక్కకి జరిపాడు. ఎవరికీ తెలియకుండా.

కంటి డాక్టరు నా కళ్ళలోకి చిన్న దీపం వేసి చూసింది.

"రెండింట్లోనూ శుక్లాలు. బాగా ముదిరాయి. లోపలి లెన్సు పసుపురంగుకి తిరిగిపోయింది. నాలుగైదేళ్ళ నుంచీ అయి ఉండాలి."

"నాకు తెలియలేదే."

"ఎవరికీ తెలియదండీ. మెల్లగా వస్తుంది."

రోజుకొక చుక్క.

కాలేజీలో కాంతి గురించి చదువుకున్నాను. పసుపు గాజులోంచి చూస్తే పసుపూ తెలుపూ వేరు చేయలేమని పరీక్షలో రాశాను కూడా. మంచి మార్కులొచ్చాయి.

ముందు కుడికంటికి ఆపరేషను. నెల తర్వాత ఎడమదానికి, అన్నారు. మరదలు తోడు వచ్చింది. మర్నాడు కట్టు విప్పారు.

నీలం!

నీలాన్ని మరిచిపోయానని నాకు తెలియదు. ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ బకెట్టు ఒకటి. మామూలు బకెట్టు. దాని ముందు నిలబడిపోయాను. అవతల ఆకాశం. ఇస్త్రీ చేసిన నర్సు కాలరు. అన్నీ కడిగి ఆరేసినట్టున్నాయి. తిరిగి చూస్తే మరదలు.

"నీకు ఇంత జుట్టు ఎప్పుడు నెరిసిందమ్మా?"

"కొత్త కన్ను పెట్టించుకుని ముందు చూసింది ఇదా బావా!" అంది. వరండా అంతా వినపడింది. ఇద్దరం నవ్వుకున్నాం. రెండేళ్ళలో నేను నవ్వడం అదేనేమో.

ఇంటికి వచ్చాం. పడకగది తలుపు తోశాను.

పసుపు.

ముద్ద పసుపు. నాలుగు గోడలూ. పైకప్పు అంచు దాకా. మంచం దుప్పటి మీద, మిషను మూత మీద, నా చేతుల మీద కూడా దాని వెలుతురే.

కుడికన్ను మూశాను. తెలుపు. కాస్త వెచ్చని తెలుపు.

ఎడమకన్ను మూశాను. పసుపు.

కుడి మూశాను. తెలుపు.

అటక మీద ఆ డబ్బా ఇంకా ఉంది. దించాను. మూత మీద నా రాతే. తెలుపు, పసుపు 11. కొత్త కన్నుతో చదివాను. కొత్త సీసా పలచన కాలేదు. సీసా బాగానే ఉంది.

గోడ తెలుపని ఏ కళ్ళతో అన్నానో… ఆ కళ్ళతోనే కదా కిటికీ దగ్గర…

కాగితంలా, అన్నాను.

మరదలు నా వెనకే నిలబడి ఉంది. గోడని చూస్తున్న నన్ను చూసింది. మూత చూసింది.

"టీ పెడతాను," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నెల గడిచింది. ఎడమకంటికి ఇచ్చిన తేదీ వచ్చింది. జలుబు చేసిందన్నాను. ఇంకో తేదీ ఇచ్చారు. కొట్లో సరుకు దిగుతోందన్నాను.

ఒక కన్ను అలా, ఒక కన్ను ఇలా ఉంటే నేల ఎక్కడుందో కాలికి తెలియదు. రెండుసార్లు మెట్టు తప్పాను. ఇంకా ఆలస్యం చేస్తే అది గట్టిపడిపోతుంది, తీయడం కష్టం, కన్నే పోవచ్చు, అంది డాక్టరు. పోతే పోనీ అనలేదు నేను. ఆలోచించుకుంటానన్నాను.

ఇంటికి వచ్చి కుడికన్ను అరచేత్తో మూసుకుని కూర్చునేవాణ్ణి. మంచం. తెల్లటి గోడ. కిటికీ. నా చేతిలో ఆవిడ గడ్డం. వేలి కింద రెప్ప. ఆవిడ కళ్ళు — తెల్లగా.

చెయ్యి తీస్తే…

చెయ్యి తీసేవాణ్ణి కాదు. ఆవిడకి ఏమీ కాలేదని నమ్మే కన్ను ఈ లోకంలో అదొక్కటే మిగిలింది. దాన్ని కూడా కోసి తీసేస్తే ఆవిడ తెల్లని కళ్ళు ఇంకెక్కడ ఉంటాయి?

ఆదివారం మరదలు వచ్చింది. తేదీ మళ్ళీ తప్పించానని ఆసుపత్రివాళ్ళే చెప్పారట.

"ఎవరి కోసం దాచుకుంటున్నావ్ బావా ఆ కన్ను? మెట్ల మీద పడి నడుం విరగ్గొట్టుకుంటే నేను మోయలేను, ముందే చెబుతున్నా."

అప్పుడు చెప్పాను.

పదకొండు చుక్కలు. కిటికీ. వేలితో రెప్ప లాగడం. కాగితంలా, అనడం. సరే అయితే, అని ఆవిడ అనడం. ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆపకుండా చెప్పాను. "నువ్వు ఆ రోజే చెప్పావు. నేను గోడ గురించి నీతో పోట్లాడాను. మీ అక్కని నేనే…"

మరదలు మంచం మీది తువ్వాలు తీసుకుని మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"అక్క ఇంట్లో అద్దం లేదా బావా?"

నేను గోడకున్న అద్దం వైపు తిరిగాను.

"నేను అలిగి వెళ్ళిన మర్నాడు అక్క ఫోను చేసింది. నన్ను బుజ్జగించడానికనుకున్నాను. కాదు. నీ గురించి. 'గోడంతా పసుపు పూసి తెలుపంటున్నారే, ఆయన కన్ను పాడైంది. ఆ మాట ఆయనకెలా చెప్పను? ఆయనకి ఉన్నదే ఆ కన్ను' అంది. ముందు నీ కళ్ళ సంగతి చూసుకోవే అన్నాను. 'చూసుకుంటాలే, ముందు ఈయన సంగతి తేలనీ' అంది." తువ్వాలు మళ్ళీ విప్పింది. "నేను వచ్చి లాక్కెళ్ళాల్సింది. బావ అంత మాటన్నాడని మూతి బిగించుకుని నెలన్నర ఇంట్లో కూర్చున్నాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"మర్నాడు… ఎప్పుడు చేసింది ఫోను? పొద్దున్నా, సాయంత్రమా?"

"ఎందుకు?"

"పొద్దున్న కిటికీ దగ్గర నన్ను అడిగింది. అంతకు ముందా, తర్వాతా?"

మరదలు కళ్ళు మూసుకుని ఆలోచించింది. నిజంగా ఆలోచించింది.

"గుర్తులేదు బావా."

ముందే అయితే, ఆవిడ నా కన్నుని పరీక్షించింది. తన కళ్ళు నా ముందు పెట్టి, పెచ్చు ముక్కలా.

తర్వాతయితే… నేను చెప్పిన జవాబు విన్నాక, నా కన్ను పోయిందని తెలిశాక, సరే అయితే అంది.

లేకపోతే ఇవేవీ కావు. భయమేసి, తెల్లగా ఉన్నాయని ఒకరి నోటి వెంట వినాలనుకుంది. దారపు ఉండ చూపించి అడిగినట్టే, తెలిసే అడిగింది.

ఎడమచేతిదా, కుడిచేతిదా? ఈసారి నేను చెప్పలేను.

"సోమవారం తీసుకెళ్తున్నాను," అంది మరదలు. "కంట్లో చుక్కలు ముందు నుంచే వెయ్యాలిట. శుక్రవారం బడి అయ్యాక వస్తాను."

శుక్రవారం వచ్చింది. చేతులు సబ్బుతో కడుక్కుంది. కుర్చీని పడకగదిలోకి లాగింది. సాయంత్రపు ఎండ కిటికీలోంచి గోడ మీద పడుతోంది.

"గోడకి మళ్ళీ రంగు వేయించనా, నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చేలోపు?"

"ఉండనీ."

"సరే. తల వెనక్కి వాల్చు."

వాల్చాను. కుడికన్ను నేనే మూసుకున్నాను.

తెల్లటి గోడ. కిటికీ. ఆవిడ అక్కడే ఉంది, గడ్డం వెలుతురు వైపు తిప్పుకుని.

మరదలు వేలితో నా కింది రెప్ప లాగింది. వేలు చల్లగా ఉంది. సీసా మూతి కంటి పైకి వచ్చింది.

"కదలకు. రెప్ప వెయ్యకు."

"ఒక్క నిమిషం."

"ఏంటి?"

"ఒక్క నిమిషం ఉండమ్మా."

ఉంది. చెయ్యి నొప్పి పుడుతూ ఉండాలి. దించలేదు. ఎందుకని అడగలేదు.

సీసా చివర చుక్క ఊరుతోంది. దానిలో గోడ. గోడంతా తలకిందులుగా, గోరంత. తెల్లగా.

చుక్క కాసేపు అలాగే ఉంది.

గుండ్రంగా.

ఇంకా పడలేదు…